మత్తు డాక్టరు గారి పదకొండు తుపాకులు

పోయిన వారం మా షాపుకి ఒక తెల్లావిడ భోజనాల బల్ల తెచ్చింది. వాళ్ళ నాయనమ్మ నాటిదట. డార్ట్‌మత్‌లో మాది పాత ఫర్నిచర్ బాగుచేసే షాపు. బల్ల నిండా గీతలు, వేడి గిన్నెలు పెట్టిన గుండ్రటి మచ్చలు, ఒక మూల ఎవరో ఫోర్కుతో తీరిగ్గా పొడిచిన గుంటలు. "దీన్ని అచ్చం కొత్తదానిలా చేసి పెట్టండి" అంది. నేను "ఎందుకండీ?" అన్నాను.

పాలిష్ పెట్టేవాడు అడగకూడని ప్రశ్న ఏదైనా ఉంటే అది అదే. మంగలి కత్తెర పట్టుకుని "క్రాపు ఎందుకండీ, బాగానే ఉందిగా" అన్నట్టు. మా ఓనరు కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూశాడు. నేను నవ్వేసి, కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తానని బల్ల కింద దూరాను. దూరిన తర్వాత ఒక నిమిషం పాటు పైకి రావాలనిపించలేదు. ఆ ప్రశ్న నాది కాదు. డాక్టరు గారు నేర్పినది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన మాట నా నోట్లోంచి నన్ను అడక్కుండానే బయటికి వచ్చేసింది.

డాక్టరు గారనే పిలిచేవాణ్ణి. పేరు రాయను. పేరు గురించి ఆయనకే ఒక పట్టింపు ఉండేది, అది చెప్తాను. కర్నూలు వైపు మనిషి. హాలిఫాక్స్‌లో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పొట్టిగా, బక్కగా, చలికాలంలో రెండు స్వెట్టర్లు తొడుక్కున్నా ఇంకా ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండే శరీరం. ఆయన చెయ్యి కలిపితే వెంటనే వదిలేవారు కాదు. రెండు వేళ్ళు మెల్లగా మన మణికట్టు దాకా జారేవి. కళ్ళు పైకప్పు వైపు వెళ్ళేవి. తర్వాత తీర్పు వచ్చేది.

"ఎనభై ఎనిమిది. ఫెర్రీ తప్పిపోతాదని పరిగెత్తినావా?"

"లేదండీ, మీ మెట్లు ఎక్కాను."

"నాలుగు మెట్లకా? ఏమప్పా, నువ్వు బల్లలకి కాదు, నీకు పెట్టుకో ముందు పాలిష్."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఎదుటివాడి ముఖం చూసేవారు కాదు, ఛాతీ చూసేవారు. కొత్తలో నా చొక్కా గుండీ ఊడిందేమోనని తడుముకునేవాణ్ణి. చివరికి ఆంటీయే, అంటే వాళ్ళావిడ, జాలిపడి చెప్పారు. "ఊపిరి లెక్కపెడతారు నాయనా. అలవాటు పోలేదు. పెండ్లిచూపులప్పుడు నన్ను గూడా అట్లే చూసినారు. మా నాయన లేచి, ఇంక మీరు పోయిరాండి అన్నాడు."

నేను ఈ దేశం వచ్చింది మా ఆవిడ వెనకాల. ఆవిడ నర్సు. వీసా ఫైలంతా ఆవిడదే, నేను దానికి పిన్ను కొట్టిన కాగితాన్ని. ఎనిమిదో తరగతిలో నేనూ, బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. ఏలూరులో ఒక పాలిష్ కొట్టులో చేరి, గరుకు కాగితంతో అక్షరాభ్యాసం మళ్ళీ మొదలుపెట్టాను. అందుకని ఇక్కడి తెలుగువాళ్ళ కలయికల్లో డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు కూర్చునే బల్లల దగ్గర నేను మనుషుల కంటే బల్లల్నే ఎక్కువ చూస్తుంటాను. అలా ఒకసారి బల్ల అంచు నిమురుతూ ఆయన కంటపడ్డాను. "మా ఇంట్లో ఒక కుర్చీకి కాలు ఊగుతాంది, వస్తావా?" అన్నారు. అదే మా పరిచయం.

ఆ శనివారం ఫెర్రీ ఎక్కి హార్బరు దాటి వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీ కాలు పావుగంటలో కుదురుకుంది. కాఫీ అయ్యాక ఆయన "కిందికి రా, ఒకటి చూపిస్తా" అన్నారు. రిటైరైన డాక్టరు బేస్‌మెంటులో ఏం చూపిస్తాడు, ట్రెడ్‌మిల్లు, దాని మీద ఆరేసిన బట్టలు అనుకుంటూ దిగాను. ఇనప బీరువా తాళం తీశారు. లోపల వరసగా పదకొండు తుపాకులు.

దిగిన మెట్లలో రెండు మళ్ళీ ఎక్కేశాను. 

"భయపడొద్దప్పా. అన్నీ నిద్రపోతుండాయి. ముప్పై ఏండ్లు మనుషుల్ని నిద్రపుచ్చినా, ఇప్పుడు వీటిని" అన్నారు.

అన్నీ యుద్ధాల కాలం నాటి రైఫిళ్ళు. ఒక్కో గుండుకీ చేత్తో బోల్టు వెనక్కి లాగి, ముందుకి తోసి కాల్చే రకం. ఒకటి చూడగానే గుర్తుపట్టాను. మన త్రీ నాట్ త్రీ. "ఇది మా ఏలూరులో బ్యాంకు ముందు కానిస్టేబుల్ దగ్గర ఉండేదండీ. దానికి ఆనుకుని నిద్రపోయేవాడు" అన్నాను.

"మంచి వాడకమే. కాల్చేదానికంటే నయం."

ఆయన లైసెన్సున్న మనిషి, జాగ్రత్త గల మనిషి. తుపాకులు ఒకచోట, బోల్టులు పీకి ఇంకోచోట, గుళ్ళు మరోచోట. "ఈ ఇంటికి ముగ్గురు దొంగలు రావాల. వచ్చినోళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల" అనేవారు ఆంటీ.

ముట్టుకోవాలంటే తెల్లటి నూలు గ్లవుజులు తొడుక్కోవాలి. నాకూ ఒక జత ఇచ్చారు. నేను వద్దన్నాను. చెక్కని గుడ్డలోంచి పట్టుకుంటే నాకు ఏమీ కనపడదు. ఆయన కాసేపు నా అరచేతులు తిప్పి చూశారు, అనుమతి ఇవ్వాలా, ఇంజక్షన్ ఇవ్వాలా అన్నట్టు. తర్వాత ఆ త్రీ నాట్ త్రీని నా చేతుల్లో పెట్టారు.

కళ్ళు మూసుకున్నాను. చెక్కని చూడటానికి నాకు అదే పద్ధతి. భుజానికి ఆనించే భాగం మీద చెయ్యి నడిపాను. కుడిచేతివాడి బుగ్గ ఆనే ఎడమవైపు గరుకుగా ఉంది. కుడివైపు, సరిగ్గా బుగ్గ ఆనే చోట, నున్నగా అరిగింది. చెయ్యి వేసి పట్టుకునే పట్టు దగ్గర, బొటనవేలు ఉండాల్సినచోట కాక, అవతలివైపు అరుగుదల ఉంది.

"ఈయనెవరో ఎడమచేతివాడండీ" అన్నాను.

డాక్టరు గారు నా ఛాతీ మీంచి చూపు తీసి తుపాకి వైపు చూశారు. పదేళ్ళుగా అది ఆయన దగ్గర ఉంది. అంకెలన్నీ చదివారు, ముద్రలన్నీ భూతద్దంతో చూశారు, ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో కనుక్కున్నారు. పట్టుకున్నవాడు ఏ చేతివాడో చూడలేదు. ఎందుకంటే ఆయన ఇనుముని చదివారు. నాకేమో అచ్చు అక్షరాలంటే భయం, అందుకే చెక్క చదివాను.

"సైన్యంలో ఎడమచేతిని ఒప్పుకోరు కదప్పా. బోల్టు కుడివైపు ఉంటాది."

"అయితే రోజూ తిట్లు తినుంటాడండీ."

ఆయన నవ్వు మొదలుపెట్టి, మెట్ల దగ్గరికి వెళ్ళి, పైకి కేకేశారు. "ఏమే, మన ఇంట్లో ఇంకొకడు ఉండాడే! ఎడమచేతోడు!"

పైనుంచి జవాబు వచ్చింది. "వాడు గూడా కాఫీ తాగుతాడా?"

ఆ తర్వాత శనివారాలన్నీ అక్కడే. ఎడమచేతివాడి గురించి ప్రతివారం ఒక్క కొత్త సంగతి కనిపెట్టాలి, అదీ మా ఆట. దానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే, చెక్క చెప్పిందే చెప్పాలి. కథలు సినిమావాళ్ళకి వదిలెయ్యాలి. పట్టు మీద చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి, అంటే వేలికి ఉంగరం ఉండేది. వేళ్ళ జాడలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంటే చిన్న చెయ్యి. ఒకచోట చెక్క కొంచెం లోతుగా, వెన్నలో చెంచా తిప్పినట్టు అరిగి ఉంది. అది బొటనవేలి గోటితో గీకే అలవాటు. గంటలు గంటలు గీకితే తప్ప అంత లోతు రాదు.

"భయమా, విసుగా?" అని అడిగారు.

నేను చాలాసేపు వేలు పెట్టి చూశాను. "చెక్క చెప్పడం లేదండీ."

"శభాష్" అన్నారు. ఎనిమిదో తరగతి దాకా నా చదువులో ఎవరూ వాడని మాట అది. "తెలీనిదాన్ని తెలీదు అనేదానికి నాకు పదేండ్ల మెడికల్ కాలేజీ పట్టింది" అని కూడా అన్నారు. మా ఆట నడిచే గంటలో తన పిల్లలు ఫోన్ చేసినా ఎత్తేవారు కాదు. వాళ్ళు కాల్గరీలోనూ వాంకూవర్‌లోనూ ఉంటారు. ఈ తుపాకుల మాట ఎత్తితే "డాడ్, ప్లీజ్" అంటారట.

నేను ఒకసారి అడిగాను, మీకెందుకండీ ఈ పిచ్చి, బంగారం లాంటి చదువు చదివి అని. ఆయన గుడ్డతో ఒక గొట్టం తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పారు.

"ఆపరేషన్ చేసినోడికి స్వీటు డబ్బాలొస్తాయి. వాడి పేరు పిల్లలకి పెట్టుకుంటారు. నేను తలకాడ కూర్చుని ఊపిరి ఊపిరీ లెక్కపెట్టినోణ్ణి. లేచినాక నన్ను గుర్తుపట్టిన మనిషి ఒక్కడు లేడు. గుర్తుపట్టకూడదు గూడా. మత్తు డాక్టరు పేరు రోగికి గుర్తుండిపోయిందంటే ఆ పొద్దు ఏదో సరిగా జరగలేదని అర్థం." గుడ్డ మడతపెట్టారు. "ఇవి పట్టుకున్నోళ్ళ పేర్లు గూడా ఎవుడూ రాసిపెట్టలేదు. నాకు వాళ్ళు తెలిసినోళ్ళ మాదిరి అనిపిస్తారు."

ఆయన పేరు రాయనన్నది అందుకే.

మూడో ఏడు చలి ముందే వచ్చింది. ఇంట్లో హీటింగు రాత్రీపగలూ నడిచి, గాలి ఎండిపోయి, ఎడమచేతివాడి చెక్కలో జానెడు పగులు పడింది. ఆయన చూపిస్తుంటే నాకు మనిషి కాలు విరిగినట్టే అనిపించింది. భుజానికి ఆనించే ముక్క విడిగా ఊడొస్తుంది. ఊడదీసి నాకు ఇచ్చారు.

"తీసుకుపోవచ్చాండీ? నాకు లైసెన్సు లేదు కదా."

"ఇనుముకి కావాల లైసెన్సు. చెక్కకి అక్కర్లేదు. పగులు మాత్రం చూడప్పా. ఇంకేం ముట్టుకోవద్దు."

ఆంటీ పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చారు. ఫెర్రీలో ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే పక్కనున్న ముసలావిడ "ఈజ్ దట్ ఎ బేబీ?" అంది. క్రికెట్ బ్యాట్ అన్నాను. బేబీ అన్నా సరిపోయేది, అంత భద్రంగా పట్టుకున్నాను.

ఇక్కడ మా వృత్తి మర్యాద ఒకటి చెప్పాలి. ఏలూరులో మా మేస్త్రి దగ్గర ఎవరైనా "కాలు ఒక్కటి చూడయ్యా" అని కుర్చీ తెస్తే, కాలు ఒక్కటే చూసి ఇవ్వడం అవమానం. కుర్చీ మొత్తం మెరిపించి ఇవ్వాలి. అడిగింది చేసేవాడు కూలివాడు, అడగనిది చేసేవాడు పనివాడు అనేవాడాయన. ఇంటివాళ్ళు మొహమాటానికి తక్కువ అడుగుతారు, మనం ఎక్కువ ఇవ్వాలి. కాబట్టి డాక్టరు గారు "ఇంకేం ముట్టుకోవద్దు" అంటే నాకు మొహమాటమే వినిపించింది.

పగులు ఒక్క సాయంత్రంలో అతికింది. బిగింపు తీసి దీపం కింద పెట్టి చూస్తే ఆ చెక్క ఎంత మురికిగా ఉందో అప్పుడు కనిపించింది. ఎనభై ఏళ్ళ నూనె, చెమట, మసి. ఇంత మంచి మనిషికి ఇలాంటిది తిరిగి ఇస్తానా? వారం రోజులు షాపు పని అయ్యాక కూర్చున్నాను. గరుకు కాగితం మూడు రకాలు. కింద ఎర్రగా, చారలు చారలుగా వాల్‌నట్ చెక్క బయటపడుతుంటే పాట కూడా పాడుకున్నాను. మూడోరోజు ఆ గోటి గుంట దగ్గరికి వచ్చాను. చుట్టూ దించుకుంటూ వచ్చి సమం చేశాను. వేలు పెట్టి చూసి, గుంట పోయింది, భేష్ అనుకున్నాను. ఆ మాట నేనే అనుకున్నానని ఇప్పటికీ నమ్మలేను. పనిలో పడితే నాకు చేతులే ఉంటాయి, తల ఉండదు. లక్క కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర పద్నాలుగు పూతలు వేశాను. అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

పట్టుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను.

"ఏమప్పా, పాత చీరలో పోయింది పట్టులో వచ్చిందే! పెండ్లి చేసినావా?"

అదే ఆయన ఆ రోజు వేసిన చివరి జోకు. గుడ్డ విప్పారు. చేతులకున్న గ్లవుజులు తీసి పక్కన పెట్టారు. రెండు వేళ్ళు కుడివైపు, బుగ్గ ఆనే చోట పెట్టి మెల్లగా జరిపారు. వెనక్కి వచ్చి మళ్ళీ జరిపారు. నాడి దొరకనప్పుడు డాక్టర్లు వెతుకుతారే, అలా. తర్వాత పట్టు దగ్గర వెతికారు. గోటి గుంట ఉండాల్సినచోట ఆగారు.

"పగులు బాగా కలిసింది" అన్నారు. "చాలా శ్రమ పడినావు."

తిట్టలేదు. వెక్కిరించలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన నా ఛాతీ కాక నా ముఖం చూసి మాట్లాడారు. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. అప్పుడు నాకు అర్థమైంది. ఎడమచేతివాణ్ణి కనిపెట్టిందీ నేనే, చంపిందీ నేనే. అసలు యుద్ధంలో బతికి బయటపడ్డాడేమో కూడా తెలియని మనిషి, డార్ట్‌మత్‌లో పాట పాడుకుంటున్న పాలిష్ వాడి చేతిలో పోయాడు. అతను ఉన్నాడనడానికి భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క జాడని నేను ఊడ్చి చెత్తబుట్టలో పోశాను.

ఆ తర్వాత ఆరు శనివారాలు నేను వెళ్ళలేదు.

"తుపాకుల ఇంటికి పోవట్లేదేంటి? సస్పెండ్ చేశారా?" అంది మా ఆవిడ.

"వాళ్ళకి పని ఉందట."

"వాళ్ళకి పనుంటే నువ్వెందుకు అన్నం మానేశావు?"

ఏడో శనివారం పొద్దున్న ఫోన్ మోగింది. హలో కూడా లేదు. "ఏమప్పా పాలిష్, ఊపిరి ఆడుతుండాదా?"

"ఆడుతోందండీ."

"మరి రావేమి?"

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారండీ?"

"నీ ముఖంతో నాకేం పని? చేతులు తీసుకుని రా."

వెళ్ళాను. ఆ చెక్క మళ్ళీ ఇనుముకి బిగించి ఉంది. పది ముసలి తుపాకుల మధ్య పెళ్ళికొడుకులా మెరుస్తోంది. చూడటానికే సిగ్గేసింది. దాన్ని తీసి, బోల్టు లేకుండా, నా ఒళ్ళో పెట్టారు. గ్లవుజుల కోసం చూశాను.

"దీనికి ఇకమీదట గ్లవుజులు లేవు. పట్టుకో. ఎడమచేత్తో పట్టుకో."

"ఎందుకండీ?"

"మళ్ళా అరగాల."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"ముందు దానికి ఎనభై ఏండ్లు పట్టింది. ఇప్పుడూ అంతే."

"అప్పటికి నాకు నూట ఇరవై దాటతాయి."

"అందుకే జాగు చేయొద్దంటాండా."

కొంచెంసేపు పట్టుకుని కూర్చున్నాక, "కానీ అతను పోయాడు కదండీ" అన్నాను.

"పోయినాడు. నువ్వు తుడిచినావు. నీ చేతికి ఇచ్చింది నేను. పోయినోడు రాడు." ఆయన పక్క కుర్చీలో కూర్చున్నారు. "చెక్క ఖాళీగా ఉండాది. ఖాళీగా ఉంటే బాగలేదు."

అప్పటినుంచి రెండు చలికాలాలు, మధ్యలో ఒక ఎండాకాలం, ప్రతి శనివారం గంటసేపు నేను ఆ తుపాకిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో పట్టుకు కూర్చున్నాను. ప్రపంచంలో పాలిష్ పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, తను పెట్టిన పాలిష్‌ని తనే చేత్తో అరగదీసే ఉద్యోగం నాకొక్కడికే దొరికింది. ఆంటీ బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టేవారు. తిన్నాక చెయ్యి కడుక్కోబోతే ఆయన అడ్డుపడేవారు. "ఉండనీ, కొంచెం నూనె దానికి గూడా పెట్టు." వెళ్ళేముందు భూతద్దం తెచ్చి చూసేవారు. "ఏం లేదు" అనేవారు. ప్రతివారం అదే రిపోర్టు. ఏడో నెలలో ఒక రోజు భూతద్దం దించి, "బొటనవేలి కాడ మెరుపు రవ్వంత చచ్చింది" అన్నారు. ఆంటీ చేత పాయసం చేయించారు. ఒక వస్తువు పాడైనందుకు పాయసం తిన్నది నేను అదొక్కసారే.

అక్కడ కూర్చున్న ఆ గంటల్లో నన్ను ఒకటే తినేసేది. ఇది క్షమించడమా, శిక్షా? అడగాలని ప్రతి శనివారం ఫెర్రీలో మాటలు పేర్చుకునేవాణ్ణి. జోకులు వేసేవాడికి ఇదొక జబ్బు. నిజంగా అడగాల్సిన మాట నోటిదాకా వచ్చేసరికి దానికి తోక మొలుస్తుంది. "నాకు ఎన్నేళ్ళు వేశారండీ, యావజ్జీవమా?" అనేవాణ్ణి. ఆయన "నోరు మూసుకుని పట్టుకో, నోటితో అరగదు" అనేవారు. నా ఛాతీ వైపు చూసేవారా, ముఖం వైపు చూసేవారా అన్నది కూడా గమనించలేకపోయేవాణ్ణి. తల వంచుకుని చెక్కనే చూస్తూ కూర్చునేవాణ్ణి.

రెండో చలికాలం చివర్లో ఒక మంగళవారం మా ఆవిడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "నువ్వు షాపులోనే ఉన్నావా, కూర్చో" అంది. పొద్దున్న కాఫీ తాగుతూ తాగుతూ పోయారట. ఎవరూ లెక్కపెట్టకుండానే ఊపిరి ఆగింది. ఆ వారం శనివారం వచ్చినప్పుడు నేను అలవాటుగా ఫెర్రీ ఎక్కేశాను. అవతలి ఒడ్డున దిగి, ఎటు వెళ్ళాలో తోచక, అదే ఫెర్రీలో వెనక్కి వచ్చాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అలా వెళ్ళొస్తుంటాను. టికెట్ చూసేవాడికి నేనంటే అనుమానం.

లైసెన్సు లేని ఇంట్లో తుపాకులు ఉండకూడదు. ఆయన ముందే అన్నీ ఆలోచించి, కిచెనర్ అనే ఊళ్ళో ఉండే తనలాంటి పిచ్చి గల ఒక పెద్దమనిషికి చెప్పి ఉంచారు. మంచు కరిగాక ఆ పెద్దమనిషి రెండు రోజులు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. "సాయానికి రా నాయనా, అన్నీ నీకే తెలుసు" అని ఆంటీ పిలిచారు.

కిచెనర్ పెద్దమనిషి గ్లవుజులు తొడుక్కుని ఒక్కోటీ బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టి, అంకెలు చదివి, కాగితాల్లో చూసుకుని, గుడ్డలో చుట్టాడు. చేతులు మర్యాద తెలిసిన చేతులే. పదకొండోది తీసి వెలుతురులో తిప్పాడు.

"రీఫినిష్డ్. వాట్ ఎ షేమ్. హూ డిడ్ దిస్?"

"సమ్ ఇడియట్" అన్నాను.

"గుడ్ వర్క్ దో" అన్నాడు పాపం.

ఒక్కసారి ఇవ్వమని అడిగాను. ఇచ్చాడు. కళ్ళు మూసుకున్నాను. బొటనవేలి దగ్గర నా పల్చటి మచ్చ, లక్క చచ్చి మసకబారిన చోటు, అగ్గిపుల్ల తలంత. రెండు చలికాలాలకి అంతే మరి. చెయ్యి కొంచెం కిందికి జారింది. అక్కడ ఇంకొకటి ఉంది. నా మచ్చ కంటే పెద్దది, అవతలివైపు. వేళ్ళ జాడలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్కడ పద్నాలుగు పూతలూ పోయి చెక్క తగులుతోంది. నేను ఎప్పుడూ ఎడమచేత్తోనే పట్టుకున్నాను. ఇది కుడిచేతివాడిది.

"ఆంటీ, దీన్ని ఇంకెవరైనా పట్టుకునేవారా?"

"ఇంకెవరు పట్టుకుంటారు? ఆయనే." ఆవిడ గుడ్డలు మడతపెడుతున్నారు. "సాయంత్రమయితే టీవీ ముందర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు గదా, చంటిబిడ్డ మాదిరి. అన్ని వారాలూ. శనివారం ఒకటి ముట్టేవారు కాదు, అది నీదంట."

"ఎందుకని నాకు చెప్పలేదు?"

"నాకేం తెలుసు నాయనా. ఒకసారి అడిగితి, ఏమిది, వార్తలు చూస్తా తుపాకి నిమరడమేమని. 'పాలిష్ ఒక్కడే అయితే ఎనభై ఏండ్లు పడతాదే. ఇద్దరం పట్టుకుంటే నలభైలో అయిపోతాది' అనిరి."

ఆయనకప్పుడు డెబ్బై తొమ్మిది.

కిచెనర్ పెద్దమనిషి గుడ్డ విప్పి పట్టుకుని, తీసుకోవడానికి చెయ్యి చాపాడు. "ఒక్క నిమిషం" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆయన నా వైపు, ఆంటీ వైపు చూసి, చాపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.